ఊక బూడిద, గుడ్డు ప్రోటీన్: పర్లాకిమిడి ల్యాబు డైరీ

జూన్ 18

రెండు గోనెసంచుల ఊక దిగింది. పాతపట్నం రోడ్డులో తెలిసిన రైస్‌మిల్లు బాబాయి డబ్బులు తీసుకోలేదు. "ఇంత చదువుకుని ఊకతో ఏటి చేస్తారు మాస్టారూ, ఇటుకబట్టీ పెడతారేటి?" అని మాత్రం అడిగాడు. ప్రాజెక్టు అన్నాను. అల్జీమర్స్ లాంటి జబ్బులకి సంబంధించింది అని కూడా అన్నాను. ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది. ఆయన సంచి మూతి కడుతూ ఆగిపోయి, "మా అమ్మకి ఈ మధ్య పూట పూటకీ మరుపు" అన్నాడు. నేనేదో గొణిగి బండెక్కేశాను.

ఈ ఏడాది బీఎస్సీ ఆఖరి సంవత్సరం వాళ్ళిద్దరు నా దగ్గర పడ్డారు. ఒకమ్మాయి రోజూ గుణుపూర్ నుంచి రైల్లో వస్తుంది. ఒక కుర్రాడు సరిహద్దు అవతల పాతపట్నం నుంచి బండి మీద వస్తాడు. అనుకున్న పని ఇది: మడత తప్పి పోగులుగా పేరుకున్న ప్రోటీన్‌ని, మామూలుగా విడివిడిగా ఉన్న ప్రోటీన్‌ని వేరుగా గుర్తించే పోరస్ (ఒళ్ళంతా సన్నని రంధ్రాలున్న) పదార్థం ఒకటి మన ల్యాబులోనే తయారు చేయాలి. మనుషుల శాంపిళ్ళు ముట్టుకోం. గుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్ అనే ప్రోటీన్ చాలు.

ప్రోటీన్ అంటే అమైనో ఆసిడ్ల దండ. అది తన మడత తానే వెతుక్కుంటుందని, ఆ మడత సమాచారం దండలోనే ఉంటుందని చూపించినందుకు క్రిస్టియన్ అన్ఫిన్సెన్‌కి 1972లో నోబెల్ వచ్చింది. ఆ మడత తప్పితే కొన్ని ప్రోటీన్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోగుల్లా సాగుతాయి. అల్జీమర్స్‌లో అమైలాయిడ్ బీటా, టౌ, పార్కిన్సన్స్‌లో ఆల్ఫా సిన్యూక్లిన్ ఇలాగే పేరుకుంటాయి. ప్రయాన్ జబ్బుల్లో మడత తప్పిన ప్రోటీన్ పక్కదాన్ని కూడా చెడగొడుతుంది. ఆ సంగతి పట్టుకున్న స్టాన్లీ ప్రూసినర్‌కి 1997లో నోబెల్ ఇచ్చారు.

అదే 1997లో పోరస్ సిలికాన్ మీద బయోసెన్సర్ పేపరు ఒకటి సైన్స్ పత్రికలో వచ్చింది. మైఖేల్ సైలర్, రెజా ఘదిరి వాళ్ళ బృందం చేసిన పని. రంధ్రాల్లోకి అణువులు చేరితే ఆ పొర నుంచి తిరిగొచ్చే కాంతి మారుతుంది, ఆ మార్పుని చదువుతారు. పిల్లలకి అది చదివించగానే "మనమూ సిలికాన్ చేద్దాం సర్" అన్నారు. అలాంటి రంధ్రాలు చేయాలంటే హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ కావాలి. అది చర్మం దాటి లోపలికి పోయి శరీరంలోని కాల్షియంని పట్టేస్తుంది, మొదట్లో నొప్పి కూడా తెలియకపోవచ్చు. సింకులో నీళ్ళు సరిగ్గా రాని ల్యాబులోకి దాన్ని రానివ్వను. అందుకే ఊక.

జూన్ 23

ఊకలో ఐదో వంతు దాకా బూడిద అవుతుంది, ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికాయే. వరి మొక్క నేలలోంచి తాగి పొట్టులో దాచుకున్న సిలికా అది. మన ఊళ్ళో ఇది పొయ్యిలోకి పోతుంది, లేకపోతే రోడ్డు పక్క గుట్టగా పడి ఉంటుంది.

తొందరపడి మొదటి విడత ఊకని కడగకుండానే ఫర్నేసులో పెట్టారు. 600 డిగ్రీలు, నాలుగు గంటలు. బయటికి తీస్తే బూడిద రంగు పొడి, మధ్యలో నల్లటి పలుకులు. కుర్రాడు ఇంకో నాలుగు గంటలు కాల్చాడు, నలుపు పోలేదు. కారణం పొటాషియం. వేడికి అది సిలికా పైపొరని కరిగించి గాజులా మూసేస్తుంది, లోపల చిక్కుకున్న బొగ్గుకి గాలి అందదు. ఇంక ఎంత కాల్చినా అంతే.

రెండో విడతని ఒక నార్మాలిటీ హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో రెండు గంటలు మరిగించి, లిట్మస్ ఎరుపెక్కడం మానేదాకా కడిగి, ఎండబెట్టి అప్పుడు కాల్చాం. మూత తీస్తే మల్లెపూవులాంటి తెలుపు. ఊక ఆకారం అలాగే నిలిచి ఉంది, ముట్టుకుంటే పొడైపోయింది. అటెండరు వచ్చి చూసి "కణ హెలా?" అన్నాడు, ఏమైందని. వరిపొట్టు అంటే నమ్మలేదు. మాస్కు పెట్టుకోమని పిల్లలకి రెండుసార్లు చెప్పాను, ఈ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

జూలై 4

పొడిని వేడి కాస్టిక్ సోడాలో కరిగిస్తే సోడియం సిలికేట్. దానిలోకి ఆసిడ్ చుక్క చుక్కగా వేస్తూ పీహెచ్ 7 దగ్గరికి తెస్తే, అప్పటిదాకా నీళ్ళలా ఉన్నది ఒక్కసారిగా ఆగిపోతుంది. నిజంగానే ఆగిపోతుంది. బీకరులో తిరుగుతున్న గాజు కడ్డీ జున్నులో గుచ్చినట్టు నిలబడింది. గుణుపూర్ అమ్మాయి బీకరు తలకిందులు చేసి ఫొటో తీసుకుంది.

కడిగి, ఆరబెట్టి, పగలగొట్టి, టీ వడపోత మీద జల్లించాం. ఇలాంటి జెల్ ఒక్క గ్రాములో లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే వందల చదరపు మీటర్లు వస్తాయి. పది సెంట్ల స్థలం చెంచాలో పట్టిందనుకోవచ్చు. సెన్సర్ల వాళ్ళకి పోరస్ పదార్థాల మీద మోజు అందుకే. చదును గాజు మీద పట్టేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ అణువులు ఇక్కడ పడతాయి.

కాకపోతే ఆ స్థలంలోకి వెళ్ళే గుమ్మం ఎంత వెడల్పో మాకు తెలియాలి.

జూలై 13

రంధ్రం సైజు కొలవడానికి నైట్రోజన్‌తో కొలిచే యంత్రం ఉంటుంది, మా దగ్గర లేదు. బయటికి పంపితే నెల పడుతుంది. అందుకని ప్రోటీన్లనే స్కేళ్ళుగా వాడాం. లైసోజైమ్ చిన్నది, మూడు నుంచి నాలుగున్నర నానోమీటర్లు. హిమోగ్లోబిన్ పెద్దది, ఐదారు నానోమీటర్లు, పైగా రంగు దానికే ఉంది.

ఆదివారం పొద్దున్నే మటన్ షాపు దగ్గర సీసాలో సోడియం సిట్రేట్ వేసుకుని నిలబడ్డాను. గడ్డకట్టకుండా మేక రక్తం పట్టుకోవాలి. "వేపుడికా మాస్టారూ?" అన్నాడు షాపు కుర్రాడు. అవునన్నాను, చెప్పడం మొదలెడితే క్యూ ఆగిపోతుంది.

కణాలని కడిగి, నీళ్ళలో పగలగొట్టి, ఎర్రటి ద్రావణంలో జెల్ పలుకులు రాత్రంతా ఉంచాం. పొద్దున తీసి కడిగితే పైకి గులాబీ రంగు. బ్లేడుతో ఒక పలుకుని రెండుగా చీల్చాను. లోపల స్వచ్ఛమైన తెలుపు, అంచున గోరంచు మందాన గులాబీ గీత. హిమోగ్లోబిన్ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. సంతోషించాం. తరవాత లైసోజైమ్ పెడితే అది కూడా దాదాపు లోపలికి పోలేదు. గుమ్మం మరీ ఇరుకు.

కొత్త జెల్‌ని ఈసారి కొంచెం అమ్మోనియా కలిపిన నీళ్ళలో 60 డిగ్రీల దగ్గర రాత్రంతా మగ్గబెట్టాం. క్షారంలో చిన్న చిన్న కణాలు కరిగి పెద్దవాటి మీద పేరుకుంటాయి, రంధ్రాలు వెడల్పవుతాయి. రెండో జెల్ లైసోజైమ్‌ని బాగా తాగింది, హిమోగ్లోబిన్‌ని ఇప్పటికీ బయటే ఆపింది. మాకు కావలసింది సరిగ్గా ఇదే.

హిమోగ్లోబిన్ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. మా కొండ జిల్లాల్లో ప్రోటీన్ జబ్బంటే జనానికి తెలిసింది సికిల్ సెల్. బీటా గొలుసులో ఆరో చోట గ్లుటామిక్ ఆసిడ్ బదులు వాలీన్ వస్తుంది. ఆక్సిజన్ వదిలాక ఆ హిమోగ్లోబిన్లు ఒకదానికొకటి అంటుకుని తాళ్ళలా సాగి కణాన్ని కొడవలిలా వంచేస్తాయి. ఇది మడత తప్పడం కాదు, మడత సరిగానే ఉండి అంటుకోవడం. కానీ పోగు పోగే. సికిల్ సెల్ మీద జాతీయ మిషన్ 2023 జూలై 1న మొదలైంది, స్క్రీనింగ్ క్యాంపుల గురించి అమ్మాయి వాళ్ళ ఊళ్ళో కూడా అందరికీ తెలుసు. "మనం అదే చేసుండాల్సింది కదా సర్" అంది. బహుశా.

జూలై 24

పోగుల వంట. లైసోజైమ్ మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు, పీహెచ్ 2, 65 డిగ్రీలు, ఆగకుండా తిప్పుతూ ఐదు రోజులు. రెండో రోజు రాత్రి కరెంటు పోయింది. వాచ్‌మన్ ఫోన్ చేస్తే పదిన్నరకి వెళ్ళి ఫ్లాస్కుని వేడినీళ్ళ క్యాన్‌లో పెట్టి, పైన దుప్పటి కప్పి, గంటన్నర చేత్తో ఊపుతూ కూర్చున్నాను. ఐదో రోజుకి ద్రావణం మసకబారి చిక్కబడింది. వంచితే తీగలా సాగింది, పాకం ముదిరినట్టు.

ఇక కాంగో రెడ్. అమైలాయిడ్‌ని, అంటే ఇలాంటి ప్రోటీన్ పోగుల్ని, గుర్తుపట్టడానికి 1920ల నుంచీ వాడుతున్న రంగు. పోగుకి అంటుకుంటే దాని ఎరుపు కొంచెం ముదురు గులాబీ వైపు జరుగుతుంది. చుక్క వేశాడు కుర్రాడు. ద్రావణం నీలంగా మారిపోయింది.

అరుపులు, చప్పట్లు. పక్క ల్యాబు వాళ్ళు కూడా వచ్చారు. నేను కూడా, సిగ్గుపడకుండా రాస్తున్నాను, ఫోన్లో స్టేటస్ పెట్టేశాను.

మధ్యాహ్నం అన్నం తింటుంటే వెలిగింది. కాంగో రెడ్ పీహెచ్ ఇండికేటర్ కదా. 3కి దిగువన నీలం, 5 దాటితే ఎరుపు. మొదటి సంవత్సరం పిల్లలకి నేనే చెప్తాను. వెళ్ళి ఉత్త ఆసిడ్‌లో చుక్క వేస్తే అదే నీలం. ఉడకబెట్టని లైసోజైమ్‌లో వేసినా అదే నీలం. స్టేటస్ తీసేశాను, కానీ అప్పటికే చూసినవాళ్ళు నలభైమంది.

ఇకనుంచి ఏ శాంపిల్ అయినా పీహెచ్ 7.4 బఫర్‌లోకి (పీహెచ్ మారకుండా పట్టి ఉంచే ద్రావణంలోకి) మార్చాకే రంగు. జతగా ఉడకబెట్టని లైసోజైమ్‌ని కూడా ప్రతిసారీ అదే ఆసిడ్, అదే బఫర్‌లో పెట్టి చూడాలి.

ఆగస్టు 2

ఈ ఎంట్రీ కొంచెం పొడుగు, ఎందుకంటే ఇక్కడే మా అసలు ఆలోచన కూలింది.

మొదటి డిజైన్ ఇది. థయోఫ్లావిన్ టీ అనే పసుపు రంగుని జెల్ రంధ్రాల్లో ముందే నింపి ఉంచాలి. శాంపిల్ చుక్క పడితే, పోగులుంటే జెల్ వెలగాలి. థయోఫ్లావిన్ అణువు రెండు ముక్కలు, మధ్యలో ఒకే బంధం. నీళ్ళలో ఆ ముక్కలు గిరగిరా తిరుగుతూ, తీసుకున్న శక్తిని తిరగడంలోనే ఖర్చు చేస్తాయి, వెలుగు ఉండదు. పోగు గాడిలో ఇరుక్కుంటే తిరగలేదు, ఆ శక్తి 482 నానోమీటర్ల దగ్గర వెలుగై బయటికొస్తుంది. నీలం ఎల్ఈడీ, రెండు మడతల పసుపు సెల్లోఫేన్, ఫోన్ కెమెరా, చెప్పుల అట్టపెట్టె. అసలు వెలుగులో కొంత సెల్లోఫేనే మింగేస్తుంది, ఆకుపచ్చ వైపు తోక మాత్రం కెమెరాకి అందుతుంది. ముందు జెల్ లేకుండా ట్యూబుల్లో చూశాం. పోగుల ట్యూబు వెలిగింది, ఉడకబెట్టనిది చీకటి. బాగుంది.

తరవాత రంగు నింపిన జెల్ పలుకులు మూడు గుంటల్లో పెట్టి, ఒకదాంట్లో పోగులు, ఒకదాంట్లో విడి లైసోజైమ్, ఒకదాంట్లో ఉత్త బఫర్. పెట్టె మూసి చూస్తే మూడూ వెలుగుతున్నాయి. మూడూ ఒక్కలాగే.

కుర్రాడు బఫర్ పాడైందన్నాడు. కొత్తది చేశాం, మళ్ళీ మూడూ. రంగు మార్చాం, మూడూ. చివరికి ఏ చుక్కా వేయకుండా తడి పలుకుని ఒక్కదాన్నే పెట్టి చూశాను. పెట్టెలో చిన్న మిణుగురులా కూర్చుని ఉంది.

అమ్మాయే చెప్పింది: "పండగ రోజు గుణుపూర్ ప్యాసింజర్‌లో నిలబడినట్టు సర్. లోపల మెడ తిప్పడానికి కూడా లేదు." అంతే. థయోఫ్లావిన్‌ది ధన ఆవేశం, సిలికా గోడది రుణ ఆవేశం. పోయి గోడకి అతుక్కుంది, ఇరుకులో తిరగలేక వెలిగింది. దానికి కావలసింది కదలనివ్వని చోటు, అది పోగు గాడా సిలికా గోడా అన్న తేడా దానికి లేదు. రంధ్రమే అబద్ధం చెప్తోంది.

పైగా పోగులు ఎలాగూ లోపలికి పోవు. వాటి వెడల్పు పది నానోమీటర్ల దాకా, పొడవు మైక్రాన్ల లెక్క. మా గుమ్మంలోంచి హిమోగ్లోబినే పట్టలేదు. లోపల రంగు పెట్టుకుని బయట ఉన్నవాడి కోసం చూడటం, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. కాగితం మీద మూడు నెలల నుంచి ఎంత అందంగా ఉందో.

ఆగస్టు 11

వారం రోజులు ఎవరం ల్యాబు మాట ఎత్తలేదు. ఇంటర్నల్ పరీక్షలు అడ్డుపెట్టుకున్నాం.

నిన్న ఇంట్లో గోధుమపిండి జల్లిస్తుంటే (మా ఆవిడకి చెయ్యి బెణికింది) అనిపించింది, జల్లెడని జల్లెడలాగే వాడాలి కదా అని. జల్లెడ వెలగనక్కర్లేదు. లోపలికి దూరేది దూరుతుంది, దూరనిది పైన మిగులుతుంది. రంగు లేని జెల్‌ని శాంపిల్‌లో వేస్తే విడి లైసోజైమ్ రంధ్రాల్లోకి పోతుంది, పోగులు ద్రావణంలో ఉండిపోతాయి. ముందు ఎంత ప్రోటీన్ ఉంది, తరవాత ఎంత మిగిలింది, అది కొలిస్తే చాలు. కొలవడానికి బయూరెట్ పరీక్ష, అంటే క్షారంలో రాగి ప్రోటీన్‌తో ఇచ్చే ఊదారంగు. 540 నానోమీటర్ల దగ్గర చదవడానికి మా పాత కలరీమీటర్ ఉంది.

ఆగస్టు 21

మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములకి పలచన చేసిన శాంపిల్ 5 మి.లీ., జెల్ 300 మిల్లీగ్రాములు, రెండు గంటలు మెల్లగా ఊపడం. మొదటిరోజు పోగుల శాంపిల్ కూడా దాదాపు ఖాళీగా వచ్చింది. అన్నీ ఎక్కడికి పోయాయి? పిల్లలు పని తొందరగా అవ్వాలని సెంట్రిఫ్యూజులో తిప్పారట. పోగులు మామూలు పీహెచ్‌లో ముద్దకడతాయి, తిప్పితే జెల్‌తోపాటు అడుక్కి పోక ఏం చేస్తాయి. ఇప్పుడు ట్యూబుని స్టాండులో పెట్టి పావుగంట వదిలేస్తున్నాం. పలుకులు వాటంతట అవే దిగుతాయి, పైతేట తీసుకుంటున్నాం.

అప్పుడు కూడా పోగుల రీడింగు 0.11 దాటలేదు. లైసోజైమ్‌ది ధన ఆవేశం కాబట్టి పోగులు పలుకుల పైతోలుకి అంటుకుంటున్నాయి. ఉప్పు వేస్తే ఆ పట్టు సడలుతుంది. ఎక్కువేస్తే విడి లైసోజైమ్ కూడా లోపలికి పోవడం మానేస్తుంది. మూడు రోజులు ఉప్పుతోనే సరిపోయింది, పప్పులో ఉప్పు చూసినట్టు చిటికెడు చిటికెడు పెంచుతూ. 150 మిల్లీమోలార్ దగ్గర ఆగాం.

సెప్టెంబరు 3

జెల్ వేయకముందు అన్నిటి రీడింగూ 0.28 దగ్గర. జెల్ తరవాత విడి లైసోజైమ్ 0.05, పోగులు 0.19, సగం సగం కలిపింది 0.12. మూడుసార్లు చేశాం, వరస మారలేదు. ఏ ట్యూబులో ఏముందో నాకు చెప్పకుండా అమ్మాయి నంబర్లు వేసి ఇచ్చిన ఆరింటినీ సరిగ్గా విడదీశాను. ఈసారి స్టేటస్ పెట్టలేదు.

రికార్డులో 'పరిమితులు' అన్న చోట కుర్రాడు రెండు లైన్లు రాసుకొచ్చాడు. తిరగరాయించాను. మా శాంపిల్‌లో ప్రోటీన్ మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములు. మనిషి రక్తంలో అమైలాయిడ్ బీటా 42 ఉండేది కొన్ని పదుల పికోగ్రాములు. దాదాపు పది కోట్ల రెట్ల తేడా. అది ఒక్కటే అయితే ఎప్పటికో దగ్గరపడొచ్చు. దానికంటే పెద్ద అడ్డు, రక్తంలో అల్బుమిన్ మిల్లీలీటరుకు 40 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అది హిమోగ్లోబిన్ అంత పెద్దది, మా గుమ్మంలో పట్టదు. బయటే ఉండిపోయి, మా లెక్కలో పోగుల ఖాతాలో పడుతుంది. అంటే ఆరోగ్యంగా ఉన్న ప్రతి మనిషికీ మా జెల్ జబ్బుందనే చెప్తుంది. 2025 మేలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన అల్జీమర్స్ రక్తపరీక్ష సైజు చూడదు. యాంటీబాడీలతో పీ-టౌ 217కి (టౌ ప్రోటీన్‌లో ఒక రూపం), అమైలాయిడ్ బీటా 42కి మధ్య నిష్పత్తి చూస్తుంది. అది కూడా ఒక వయసు దాటి, లక్షణాలు ఉన్నవాళ్ళకే.

"ఇదంతా రాస్తే మార్కులు తగ్గుతాయి సర్" అన్నాడు. అల్బుమిన్ పేరా మాత్రం తీయనివ్వలేదు.

సెప్టెంబరు 10

ఊక అయిపోయింది, మిల్లుకి వెళ్ళాను. బాబాయి మర్చిపోలేదు. "మెషీన్ అయిపోయిందంట కదా, పిల్లలు చెప్పారు. అమ్మని ఎప్పుడు తీసుకురమ్మంటారు?" లోపల అరుగు మీద ఆవిడ కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. చెరిగిన బియ్యాన్నే మళ్ళీ చేటలో పోసుకుంటోంది.

మెషీన్ కాదు, జల్లెడ అన్నాను. గుడ్డు ప్రోటీన్‌కి తప్ప పనికిరాదని, మనుషులకి పెడితే అందరికీ ఉందనే చెప్తుందని విడమరిచాను. ఆయన మొహం చూస్తే డబ్బులడగడానికి మొహమాటపడుతున్నాననుకున్నట్టుంది. మరుపుకి అల్జీమర్స్ ఒక్కటే కారణం కాదని, థైరాయిడ్ తగ్గినా, బీ 12 తగ్గినా మరుపు రావచ్చని, వాటికి మందులున్నాయని, ముందు ఆ పరీక్షలు రాయించుకుని తరవాత నరాల డాక్టరుకి చూపించమని చెప్పాను. శ్రీకాకుళమా, బరంపురమా అని అడిగాడు. రైలు దేనికి వీలైతే దానికి అన్నాను. కాటా చీటీ వెనక 'థైరాడ్, బి 12' అని తెలుగులో రాసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఈసారి సంచికి ముప్పై రూపాయలు తీసుకున్నాడు. వచ్చే వారం జెల్‌ని అమ్మోనియాలో రెండు రాత్రులు మగ్గబెట్టి, అల్బుమిన్ లోపలికి పట్టేంత గుమ్మం వస్తుందేమో చూడాలి.